ప్రశాంతతకు పది మార్కులు

మా బడికి యాభై ఏళ్లు నిండుతున్నాయని పాత విద్యార్థులు ఒక పుస్తకం వేస్తున్నారు. "మీ హయాం గురించి నాలుగు పేజీలు రాసివ్వండి మాస్టారూ" అని నన్ను అడిగారు. రాయడానికి నాకు బద్ధకం లేదు, రాయవలసిన సరుకుకూ కొదవ లేదు. నేను చదువుకున్నది ఒకే గది, ఒకే పంతులు ఉన్న పల్లెటూరి బడిలో. వానొస్తే ఆ రోజుకు చదువు లేనట్టే. మా ఊళ్లో పదో తరగతి గట్టెక్కిన మొదటివాణ్ణి నేను. డిగ్రీ పట్టా తెచ్చుకున్న మొదటివాణ్ణీ నేనే. ఈ బడికి లెక్కల మాస్టారుగా వచ్చి, ఆరేళ్లు తిరిగేసరికి హెడ్మాస్టరునయ్యాను. పంతొమ్మిదేళ్లు ఆ కుర్చీలో కూర్చున్నాను. అందులో వరుసగా పదకొండేళ్లు పదో తరగతిలో ఒక్కరంటే ఒక్కరు తప్పలేదు. ప్రహరీ గోడ, సైకిళ్ల షెడ్డు, పై అంతస్తులో మూడు గదులు నేను వచ్చాకే లేచాయి. నా చేతికింద చదివినవాళ్లలో ఇరవై ఆరుగురు ఇంజనీర్లు, తొమ్మిదిమంది డాక్టర్లు. పేర్లన్నీ డైరీలో ఉన్నాయి, ఎవరైనా చూసుకోవచ్చు.

మా ముందు గదిలో ఒక షీల్డు కూడా ఉంది. 'విద్యార్థుల మానసిక ప్రశాంతతకు చేసిన విశేష కృషికి' అని దాని మీద చెక్కారు. ఇంటికి వచ్చిన ప్రతివాడికీ నేను దాన్ని చూపించేవాణ్ణి. ఆ షీల్డు గురించే ఈ నాలుగు పేజీలూ రాస్తున్నాను, ఎందుకంటే అది నాది కాదు. అది మా సైన్సు ల్యాబు అటెండరుది. పిల్లలు అతన్ని బాబాయి అనేవారు. నేను 'ఏమయ్యా' అనేవాణ్ణి.

అతను మా బడికి వచ్చేనాటికి ఇరవై నాలుగేళ్లవాడు. సన్నగా, కాస్త వంగి ఉండేవాడు. ఎప్పుడు చూసినా భుజం మీద ఒక పాత బనీను గుడ్డ. అంతకుముందు మందుల దుకాణంలో సీసాలు కడిగేవాడు. అక్కడి కాంపౌండరు దగ్గరే చుక్కల లెక్కన మందు వంచడం నేర్చుకున్నాడట. మా ల్యాబు పొడవాటి గది. మూడు రాతి బల్లలు, మూలన తొట్టి, గోడకు పింగాణీ గిన్నెల అలమర. అతను రాకముందు అందులో సగం పరీక్షనాళికలు పగిలినవే. అతను వచ్చాక ఏడాదికి రెండో మూడో పగిలేవి, అవీ పిల్లలు పగలగొట్టినవే. కడిగిన ప్రతి గాజునూ వెలుతురుకు ఎత్తి పట్టి ఒకసారి చూసి గాని పెట్టేవాడు కాదు. "పెళ్లిచూపులటయ్యా అవి?" అని నేను వేళాకోళం చేస్తే, "నచ్చకపోతే మళ్లీ కడుగుతాను సార్, పెళ్లిలో అయితే ఆ వీలుండదు కదా" అనేవాడు.

అతను పదో తరగతి తప్పాడు. తెలివి లేక కాదు. ఆ సంగతి అతనే ఒకసారి చెప్పాడు.

"లెక్కల పరీక్ష సార్. మొదటి ప్రశ్న చదివాను. అర్థమైంది. అర్థమైందో లేదోనని మళ్లీ చదివాను. చెయ్యి వణికింది. మళ్లీ చదివాను. అలా చదువుతూనే ఉన్నాను, గంట కొట్టేశారు."

"మూడు గంటలూ ఒకే ప్రశ్నా?"

"ఇప్పటికీ అప్పజెప్పగలను సార్, వినిపించమంటారా?"

నేను నవ్వాను. అతనూ నవ్వాడు. ఆ నవ్వు వెనక ఏముందో నేను ఆ రోజున పట్టించుకోలేదు.

నేను హెడ్మాస్టరునయ్యాక పదో తరగతి పిల్లలకు ఉదయం ఏడింటికి ఒక స్పెషల్ క్లాసు, సాయంత్రం అయిదున్నర దాకా ఇంకొకటి పెట్టాను. వారానికి మూడు పరీక్షలు. మార్కులు నోటీసు బోర్డు మీద, పై నుంచి కిందికి. పిల్లలకు కడుపునొప్పులు వచ్చేవి, తలనొప్పులు వచ్చేవి. ప్రశ్నపత్రం చేతికివ్వగానే వాంతి చేసుకున్నవాళ్లూ ఉన్నారు. చదువంటే అంతేనని నా లెక్క. నేను చదువుకున్న రోజుల్లో బెత్తం కూడా ఉండేది.

ఒకరోజు ప్రాక్టికల్స్‌లో ఒకడి చెయ్యి వణికి గాజు గొట్టం కింద పడి ముక్కలైంది. సైన్సు మాస్టారు వాణ్ణి బయటికి పొమ్మన్నాడు. అటెండరు ముక్కలు ఊడ్చి, వాణ్ణి బయటికి పంపకుండా చివరి బల్ల దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టాడు. స్టాండుకు బ్యూరెట్టు బిగించాడు. బ్యూరెట్టంటే గీతలున్న పొడవాటి గాజు గొట్టం, కింద చిన్న తిరుగుడు మూత ఉంటుంది. దాని నిండా మంచినీళ్లు పోసి, మూత వెంట్రుకవాసి తిప్పాడు. చివర ఒక చుక్క ఊరింది, సాగింది, పడింది. మళ్లీ ఇంకొకటి.

"ఏం చెయ్యాలి బాబాయ్?" అన్నాడు వాడు.

"ఏం చెయ్యక్కర్లేదు. చూడు. ఎక్కడ పుడుతోందో చూడు, ఎప్పుడు ఊడుతోందో చూడు."

"ఎన్ని చూడాలి?"

"లెక్క ఎవరడిగారు నిన్ను? లెక్కలకి వేరే మాస్టారున్నారుగా."

"మధ్యలో పరీక్ష గుర్తొస్తోంది బాబాయ్."

"రానీ. దాని మానాన అది వస్తుంది. నువ్వు దాన్ని తిట్టకు, తరమకు. ఇంకో చుక్క పడబోతోంది కదా, మళ్లీ ఇటు చూడు."

గొట్టం ఖాళీ అయ్యేసరికి పది నిమిషాలు పట్టింది. వాడు లేచి వెళ్లి ప్రయోగం చేశాడు, ఈసారి ఏదీ పగలలేదు. ఇదంతా వాడే పెద్దవాడయ్యాక నాకు చెప్పాడు. డైరీలోని ఇరవై ఆరుగురిలో వాడొకడు.

ఆ తర్వాత పిల్లలు ఒక్కొక్కరే ఆ చివరి బల్ల దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టారు. విరామంలో ఒకరు, స్పెషల్ క్లాసుకు ముందు ఒకరు. అక్కడ ఎవరూ మాట్లాడరు. అటెండరు తన పని తాను చేసుకుంటూ ఉంటాడు. నీళ్లు అయిపోతే లేచి వెళ్లిపోతారు. ఏళ్ల తరబడి ఇలా జరిగింది. నా గదికి అరవై అడుగుల దూరంలో జరిగింది. నాకు తెలియదు.

నాకు తెలిసింది హెడ్మాస్టరుగా నా పదిహేనో ఏడాదిలో. తెలియకుండా ఉంటే బాగుండేదని ఇప్పుడు అనుకుంటాను.

ఆ ఏడాది పదో తరగతిలో టైలరు గారి పెద్దమ్మాయి ఉండేది. బడి ఎదురు వీధిలో వాళ్ల దుకాణం. ఆ పిల్లకు లెక్కలు మంచినీళ్ల ప్రాయం. నేను బోర్డు మీద రాస్తుండగానే జవాబు చెప్పేది. జిల్లాలో మొదటి ర్యాంకు మా బడికి వస్తే ఈ పిల్లవల్లే వస్తుందని నేను రాసి పెట్టుకున్నాను, వాళ్ల నాన్నతోనూ చెప్పాను, పిల్లతోనూ రోజూ చెప్పాను. ఆ పిల్లకు ఒక అలవాటుండేది. కంగారు పడితే ఎడమచేతి మణికట్టును పెన్ను మూతతో గీరుకునేది. చర్మం ఎర్రగా కందిపోయేది. నేను చూసేవాణ్ణి. చదివే పిల్లలకు ఏదో ఒకటి ఉంటుందిలే అనుకునేవాణ్ణి.

ఒకరోజు స్పెషల్ క్లాసుకు ఆ పిల్ల రాలేదు. వెతుక్కుంటూ వెళితే ల్యాబులో చివరి బల్ల దగ్గర కూర్చుని ఉంది. చేతులు రెండూ ఒళ్లో ఉన్నాయి. పెన్ను బల్ల మీద ఉంది. నేను వచ్చిన అలికిడి కూడా వినలేదు.

ఆ పిల్ల వెళ్లాక అటెండరును నిలదీశాను. "ఏమిటయ్యా ఈ నాటకం? చదువుకునే పిల్లను కుళాయి ముందు కూర్చోబెడతావా?"

"ఒకసారి మీరూ కూర్చోండి సార్" అన్నాడు.

కూర్చున్నాను. ఒక నిమిషం చూశాను. "ముప్ఫై నాలుగు" అన్నాను.

"లెక్క అడగలేదు సార్" అన్నాడు మెల్లగా.

ఎన్నేళ్లుగా నడుస్తోందని అడిగితే చెప్పాడు. ఎవరెవరు వచ్చేవారో పేర్లు చెప్పాడు. నేను పాత మార్కుల రిజిస్టర్లు తీశాను. పద్నాలుగుమంది పిల్లల మార్కులు, ఆ బల్ల దగ్గరికి వెళ్లకముందు, వెళ్లిన తర్వాత, రెండు వరుసల్లో రాశాను. సగటున తొమ్మిది మార్కులు పెరిగాయి. నా ఒళ్లు పులకరించిందని చెప్పడానికి సిగ్గుపడను. ఇంత మంచి పద్ధతిని ఒక్క స్టూలు మీద, ఒక్క గొట్టంతో నడపడమేమిటి? బడి మొత్తానికి పెట్టాలి అనుకున్నాను.

పెట్టాను. ఆసుపత్రి నుంచి వాడిపారేసిన సెలైన్ సీసాలు నలభై తెప్పించాను. అన్నిటినీ అతనే కడిగి, వెలుతురుకు ఎత్తి చూసి ఇచ్చాడు. వరండా పొడవునా తీగ కట్టి, వాటిని వేలాడదీయించాను. ఒక్కో సీసా కింద ఒక్కో పిల్ల, ఒక్కో పిల్లవాడు. రోజూ మధ్యాహ్నం తరగతి తర్వాత తరగతికి, ఒక్కోదానికి పావుగంట చొప్పున 'ప్రశాంతత పీరియడు'. పర్యవేక్షణకు డ్రిల్లు మాస్టారు, చేతిలో రిజిస్టరు. నిటారుగా కూర్చున్నందుకు రెండు మార్కులు. పక్కకు చూడనందుకు రెండు. కదలనందుకు మూడు. పీరియడు చివర చుక్కల లెక్క సరిగా చెబితే మూడు. మొత్తం పది. శనివారం నోటీసు బోర్డు మీద, పై నుంచి కిందికి.

అతను ఆ మొదటి శనివారమే నా గదికి వచ్చాడు. భుజం మీది గుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"సార్, ఆ మార్కులొక్కటి తీసెయ్యండి. మిగతాది మీ ఇష్టం."

"మార్కులు లేకపోతే పిల్లలు పట్టించుకుంటారటయ్యా?"

"ఇన్నాళ్లూ మార్కుల్లేకుండానే వచ్చారు సార్. అసలు మార్కులుండవనే వచ్చారు."

"నువ్వు ఒక్కడికి చేశావు, ఇద్దరికి చేశావు. నేను రెండు వందలమందికి చేస్తున్నాను. పద్ధతి లేకపోతే సంతవుతుంది."

అతను గుడ్డ మళ్లీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. నాకు ఎదురు చెప్పడం ఆ బడిలో ఎవరికీ అలవాటు లేదు. దాన్ని కూడా నేను నా ఘనతల్లో ఒకటిగా రాసుకునేవాణ్ణి.

ఆ శనివారమే ఇంకొక పని కూడా చేశాను. చివరి బల్ల మూయించాను. అధికారికంగా ఒక పీరియడు ఉండగా ఎవరికి తోచినప్పుడు వాళ్లు ల్యాబుకు వెళితే క్రమశిక్షణ ఏముంటుంది? ప్రాక్టికల్స్ వేళ తప్ప ల్యాబుకు తాళం వేయించి, తాళంచెవి నా సొరుగులో పెట్టుకున్నాను.

నెల తిరక్కుండా పై అధికారులు చూడటానికి వచ్చారు. నలభై సీసాలు, నలభైమంది పిల్లలు, చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. ఒకాయన కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేశాడు. ఆ ఏడే షీల్డు వచ్చింది. ఉపన్యాసంలో నేను అరగంట మాట్లాడాను. అటెండరు పేరు ఎత్తలేదు. కావాలని మానలేదు. గుర్తుకు రాలేదు. ఏది ఎక్కువ తప్పో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

టైలరు గారి అమ్మాయికి ప్రశాంతతలో పదికి మూడు వచ్చాయి. మరుసటి వారం రెండు. నోటీసు బోర్డులో అడుగున తన పేరు చూసుకోవడం ఆ పిల్లకు పుట్టాక అదే మొదటిసారి. స్టాఫు రూములో డ్రిల్లు మాస్టారు నవ్వాడు. "మీ ర్యాంకు పిల్ల కాలు ఒక్క క్షణం నిలవదు సార్. కుట్టుమిషను తొక్కుతున్నట్టే ఊపుతుంది. టైలరు రక్తం కదా." నేనూ నవ్వాను.

పరీక్షలు పది రోజులున్నాయనగా వాళ్ల నాన్న వచ్చాడు. మెడలో టేపు అలాగే ఉంది, తీయడం మరిచిపోయినట్టున్నాడు.

"ఇంట్లో కుళాయి ముందు కూర్చుంటోంది సార్. గంటలకు గంటలు చుక్కలు లెక్కపెడుతోంది. నేను పక్కన కూర్చుని వేరే లెక్కపెట్టాలి. రెండు లెక్కలూ కలవకపోతే ఏడుస్తోంది."

"పట్టుదల ఉన్న పిల్ల. మంచిదేగా" అన్నాను.

"చదవడం లేదు సార్."

"ఆ పిల్ల చదవక్కర్లేదయ్యా. అన్నీ వచ్చు. భయపెట్టకుండా ఉండు, చాలు."

ఆ మాట అన్నది నేను. నోటితో అన్నాను, చెవులతో విన్నాను.

పరీక్షలు ఇంకా మూడు రోజులుండగా అటెండరు మళ్లీ వచ్చాడు. ఈసారి గుడ్డ చేతిలోకి తీసుకోలేదు, నేరుగా బల్ల దాకా వచ్చాడు.

"తాళంచెవి ఇవ్వండి సార్. పది నిమిషాలు. ఆ పిల్ల ఒక్కదానికే."

"ఎవరికి?"

"మీకు తెలుసు సార్. నిన్న ల్యాబు ముందు నిలబడి తలుపు తట్టింది. లోపల నేను ప్రాక్టికల్స్ సామాను సర్దుతున్నాను. బయటి నుంచి మీరు తాళం వేయించారు, తీసేది ఎలా? 'బాబాయ్' అని పిలిచింది. పలకలేకపోయాను. పలికితే తలుపు తియ్యమంటుంది కదా."

తలుపులోనే బిగించిన తాళం అది, వేసిందీ లేనిదీ చూస్తే తెలియదు. పిల్లలు లోపలికి రాకుండా ప్యూను బయటి నుంచి వేసి, పని అయ్యాక వచ్చి తీసేవాడు. అది కూడా నా ఏర్పాటే.

"ఒకరికి తీస్తే అందరూ వస్తారు" అన్నాను.

"రానివ్వండి సార్. వస్తే ఏం పోతుంది?"

జవాబు లేనప్పుడు నేను గొంతు పెంచేవాణ్ణి. పెంచాను. అతను వెళ్లిపోయాడు. తాళంచెవి నా సొరుగులో, సుద్దముక్కల డబ్బా పక్కన ఉంది. చెయ్యి చాపితే అందేది.

లెక్కల పరీక్ష రోజు నేను వరండాలో పచార్లు చేస్తున్నాను. పరీక్ష గది మూలన పిల్లలకోసం మంచినీళ్ల డ్రమ్ము పెట్టారు. దాని కుళాయి వదులు. కింద బకెట్లోకి చుక్కలు పడుతున్నాయి. రోజూ వినే చప్పుడు, ఎవరూ పట్టించుకోరు. ముప్పావుగంట గడిచేసరికి టైలరు గారి అమ్మాయి లేచి, జవాబుపత్రం ఇచ్చేసి బయటికి వచ్చింది. నేను ఎదురు వెళ్లాను. నన్ను దాటుకుని వెళ్లి వరండా మెట్ల మీద కూర్చుంది. లోపల ఉన్న మాస్టారు నన్ను పిలిచి జవాబుపత్రం చూపించాడు. మొదటి పేజీ నిండా నిలువు గీతలున్నాయి. నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత, మళ్లీ నాలుగు. పేజీ తిప్పితే అక్కడా అవే. ఒక్క లెక్క కూడా చేయలేదు. డ్రమ్ము చుక్కలు లెక్కపెట్టింది.

బయటికి వచ్చేసరికి అటెండరు మెట్ల దగ్గరికి వెళ్లి, ఆ పిల్లకు రెండు మెట్ల కింద కూర్చుంటున్నాడు. ఆ పిల్ల అతన్ని చూసి లేచింది. దూరంగా ప్రహరీ గోడ దగ్గరికి వెళ్లి అటు తిరిగి నిలబడింది. అతను ఒక్కడే మెట్ల మీద మిగిలాడు. నేను చూశాను. చూసి, లోపల ఎక్కడో తేలికపడ్డాను. చూశారా, ఆ పిల్లకే తెలుసు తప్పెవరిదో, అనుకున్నాను.

ఆ పిల్ల మిగతా పరీక్షలు రాయలేదు. నా పదకొండేళ్ల వరుస ఆ ఏడాది తెగింది. జరిగినదానికి సంజాయిషీ ఇమ్మని అటెండరుకు మెమో ఇచ్చాను. 'అనుమతి లేని పద్ధతులతో విద్యార్థినిని చదువు నుంచి మళ్లించినందుకు' అని దస్తూరీ బాగా కుదిరేలా నేనే రాశాను. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు ఉంది ఇప్పుడు చదువుకుంటే. అతను నా ముందే సంతకం పెట్టాడు.

"నీకేమైనా చెప్పుకునేది ఉందా?" అన్నాను.

"తప్పు నాదే సార్" అన్నాడు. "ఆ రోజు మీకు చూపించకుండా ఉండాల్సింది."

ల్యాబు నుంచి తీసి సామాన్ల గదిలో వేశాను. నేను రిటైరయ్యేదాకా నాలుగేళ్లు అక్కడే ఉన్నాడు. సీసాలు మాత్రం మరో రెండేళ్లు వరండాలో వేలాడాయి, షీల్డు వచ్చింది కదా. ఆ తర్వాత ఎండకు పగుళ్లు బారితే తీసేశారు. అతని రిటైర్మెంటు రోజున నన్ను పిలిచారు. జలుబు చేసిందని కబురు పంపాను. జలుబు చేయలేదు.

ఇవన్నీ జరిగి ఇరవై రెండేళ్లు. టైలరు గారు పోయారు. ఆ అమ్మాయి మూడేళ్ల తర్వాత ప్రైవేటుగా పరీక్ష కట్టి ప్యాసైంది. ఆ పైన చదవలేదు. దుకాణం తనే నడుపుతోంది. నా చొక్కాలు అక్కడే కుట్టిస్తాను. "నమస్తే సార్" అంటుంది, కొలతలు తీసుకుంటుంది, బుధవారం రమ్మంటుంది. మొన్నమొన్నటిదాకా మా మధ్య అంతకుమించి మాట లేదు.

ఏడాది కిందట నా కుడిచెయ్యి వణకడం మొదలైంది. సంతకం కుదరడం లేదు. బ్యాంకువాళ్లు రెండుసార్లు తిప్పి పంపారు. వేలాది బోర్డుల మీద గీత వంకర పోకుండా రాసిన చెయ్యి. డాక్టరు మందిచ్చాడు, దాంతోపాటు కాస్త మనసు కుదుటపరచుకోమన్నాడు. ఆ మాట విని ఇంటికి వస్తూ వస్తూ నేను అటెండరు ఇంటికి దారి అడిగాను. అరవై అడుగుల దూరంలో ఇన్నేళ్లు పనిచేసినవాడి ఇల్లెక్కడో నాకు తెలియదు.

సైకిళ్ల దుకాణం వెనక రెండు గదులు. అతనికి ఊపిరితిత్తుల జబ్బు. మంచం మీదే కూర్చుని ఉన్నాడు, అయినా భుజం మీద గుడ్డ ఉంది. నన్ను చూసి లేవబోయాడు.

"కూర్చోవయ్యా" అన్నాను.

"మీరు కూర్చోండి సార్. ఏమేవ్, సార్‌కి ఆ స్టూలు ఇటివ్వు."

వాళ్లావిడ టీ తెచ్చింది. కప్పు పట్టుకుంటే నా చెయ్యి వణికి సాసరులో సగం ఒలికింది. అతను చూశాడు. మంచం కింద నుంచి ఒక గుడ్డ మూట తీయించాడు. అందులో ఆ బ్యూరెట్టు ఉంది. కొన విరిగిందని పనికిరాని సామాన్ల జాబితాలో నేనే సంతకం పెట్టి పారేయించింది. కిటికీ ఊచకు కట్టి, నీళ్లు పోసి, మూత తిప్పాడు. అతని చెయ్యి వణకలేదు.

చూశాను. కాసేపటికి అతను అడిగాడు. "ఎన్ని సార్?"

"యాభై రెండు" అన్నాను.

అతను నవ్వు ఆపుకోలేక దగ్గాడు. వాళ్లావిడ లోపలి నుంచి, "ఏంటా నవ్వు, ఆయాసం ఎక్కువవుతుంది" అని కేకేసింది. "సార్ ఫస్ట్ క్లాసులో ప్యాసయ్యారే" అన్నాడు.

నేను చెప్పవలసిన మాట ఒకటి ఉంది. అది చెప్పకుండా కప్పు కింద పెట్టాను. బదులుగా అతనే అడిగాడు.

"టైలరు గారమ్మాయి బాగుందా సార్? మీ చొక్కాలు అక్కడేగా."

"నువ్వు వెళ్లి పలకరించలేదా ఎప్పుడూ?"

"నన్ను చూస్తే పక్క సందులోకి తిరిగిపోతుంది సార్. నేనే తలుపేసుకున్నానని అనుకుంటోంది. లోపల ఉండీ పలకలేదని. సామాను చప్పుడు వినపడే ఉంటుంది."

నేను స్టూలు మీద కదిలాను. "తాళంచెవి నా దగ్గరుందని చెప్పలేదా?"

"చెబితే మిమ్మల్ని ద్వేషిస్తుంది కదా సార్. అప్పటికి ఆ పిల్లకు మిగిలినవి లెక్కలొక్కటే. అవి చెప్పింది మీరు. మీ మీద విరక్తి పుడితే లెక్కల మీదా పుడుతుంది. మళ్లీ పరీక్ష రాయదు. నాదేముంది, నేనేం చెప్పేవాణ్ణి కాదుగా."

ఆ రోజు ఇంటికి వస్తూ గట్టిగా అనుకున్నాను. రేపే దుకాణానికి వెళతాను, ఆ అమ్మాయికి చెబుతాను, వెంటబెట్టుకుని అతని దగ్గరికి తీసుకొస్తాను. మర్నాడు వెళ్లాను. బట్టలివ్వడానికి ఇద్దరు వచ్చి ఉన్నారు, వచ్చేశాను. మరోసారి వెళితే పెళ్లి బట్టల హడావిడి. ఇంకోసారి దుకాణం ఖాళీగానే ఉంది, ఆ అమ్మాయి ఒక్కతే బొత్తాలు కుడుతోంది. చొక్కా గుడ్డ తేవడం మరిచిపోయానని చెప్పి తిరిగొచ్చాను. డెబ్బై ఆరేళ్లవాణ్ణి, రెండు వందలమంది ముందు గొంతు సవరించుకోకుండా మాట్లాడినవాణ్ణి. అలా రెండు నెలలు గడిపాను. రెండో నెల ఆఖర్న అతను పోయాడు.

పదో రోజున వాళ్లావిడ మా ఇంటికి వచ్చి బనీను గుడ్డలో చుట్టిన బ్యూరెట్టు ఇచ్చింది. "మీకివ్వమన్నారు సార్. లెక్క తగ్గేదాకా ఉంచుకోమన్నారు" అంది. ఆ మాటకు అర్థమేమిటో ఆవిడకు తెలియదు.

మర్నాడు చొక్కా గుడ్డ తీసుకుని దుకాణానికి వెళ్లాను. చేతి కొలత తీసేటప్పుడు ఆ అమ్మాయి, "చెయ్యి కాస్త నిలపండి సార్" అంది.

"నిలవదమ్మా" అన్నాను. ఆ ఊపులోనే మిగతాదీ అనేశాను. "ఆ రోజు ల్యాబు తాళంచెవి నా దగ్గరుంది. నీకోసం అతను వచ్చి అడిగాడు. పది నిమిషాలు చాలన్నాడు. నేను ఇవ్వలేదు. బయటి నుంచి తాళం వేయించింది నేను."

టేపు నా మణికట్టు దగ్గర అలాగే ఉంది. ఆ అమ్మాయి ఏడవలేదు. కాసేపు టేపు మీది అంకెల్నే చూసింది.

"మొన్న బాబాయిని ఈ వీధి మీదుగానే తీసుకెళ్లారు సార్" అంది. "షట్టరు సగం దించాను. బయటికి రాలేదు."

నేను చెయ్యి వెనక్కి తీసుకోబోయాను.

"ఇరవై మూడున్నర" అంది, కొలత పుస్తకంలో రాసుకుంటూ. రాసి, పెన్ను మూత పెట్టి అడిగింది. "ఆ గొట్టం ఉందా సార్ ఇంకా?"

"మా ఇంట్లో ఉంది."

"తెచ్చివ్వండి."

వెళ్లి తెచ్చాను. కిటికీ ఊచకు దారపు ఉండలోంచి తెంపిన దారంతో కట్టింది. నీళ్లు పోసింది. కింద బొత్తాల డబ్బా ఖాళీ చేసి పెట్టింది. మూత ఎంత తిప్పాలో ఆ వేళ్లకు గుర్తుంది. మిషను మీద గుడ్డ కప్పి, స్టూలు లాక్కుని కూర్చుంది. నన్ను కూర్చోమనలేదు. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఆమె చేతులు రెండూ ఒళ్లో ఉన్నాయి. ఎడమ మణికట్టు మీద పాత మచ్చ, గోరంత పొడవు, తెల్లగా ఉంది. నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను. గొట్టం ఖాళీ అయ్యేదాకా ఆమె లేవలేదు, నేను కదల్లేదు.

ఎన్ని చుక్కలు పడ్డాయో నాకు తెలియదు.